గట్టెక్కిన ట్యాంకు: పీటీ-76 నమూనాకు రంగులు వేసి బురద పట్టించే పద్ధతి

దమ్ము చేసి వచ్చిన ట్రాక్టరును ఎప్పుడైనా దగ్గర నిలబడి చూశారా? సార్వా నాట్ల రోజుల్లో మా కోనసీమలో ఏ కాలువగట్టు మీదికి వెళ్లినా ఒకటి కనిపిస్తుంది. చక్రాలకు నల్లగా నిగనిగలాడే తడి బురద ఉంటుంది. మడ్‌గార్డు కింద నిన్నటి ముద్ద సగం ఆరి ఉంటుంది. దాని అంచున మొన్నటిది బూడిదరంగుకు తిరిగి పెచ్చులూడుతుంటుంది. బానెట్ మీద మాత్రం బురద లేదు, దుమ్ము ఉంది. డ్రైవరు ఎక్కేటప్పుడు చెయ్యి ఆనించే చోట ఆ దుమ్ము కూడా లేదు, అసలు రంగు మెరుస్తోంది. ఒక్క బండి మీద మూడు రోజుల పని చదువుకోవచ్చు.

ప్లాస్టిక్ ట్యాంకు నమూనాలు చేయడం మొదలుపెట్టిన కొత్తలో నాకీ చదువు లేదు. ఎడారి ట్యాంకుకూ, మంచులో తిరిగిన ట్యాంకుకూ ఒకే గోధుమరంగు బురదను చక్రాల దగ్గర్నుంచి టరెట్ (ఫిరంగి ఉండే గోపురం) దాకా పూసేవాణ్ణి. అవి బెల్లంపాకంలో ముంచి తీసిన గారెల్లా ఉండేవి. యుద్ధం నుంచి వచ్చిన బండి మీద మట్టి అలా పట్టదని నాకు చెప్పింది ఏ పుస్తకమూ కాదు, మా చేలో దమ్ము చేసిన ట్రాక్టరు. ఈ వాడిన రూపం తెప్పించే పనిని నమూనాలు చేసేవాళ్లు వెదరింగ్ అంటారు. నేనూ ఆ మాటే వాడతాను.

ఏ ట్యాంకు, ఏ రోజు

ఇక్కడ చెప్పేదంతా 1/35 కొలతలో ఉన్న పీటీ-76 గురించి. 1950ల తొలినాళ్లలో సోవియట్ యూనియన్ తయారు చేసిన తేలికపాటి ట్యాంకు ఇది. బరువు సుమారు 14 టన్నులు, 76 మి.మీ. ఫిరంగి, ముగ్గురు సిబ్బంది. దీని ప్రత్యేకత ఈత. వెనకనున్న రెండు జెట్‌ల నుంచి నీటిని చిమ్ముతూ గంటకు సుమారు 10 కిలోమీటర్ల వేగంతో నదిని దాటేస్తుంది. ఖాళీ నేతిడబ్బాలా తేలుతుందని మన జవాన్లు పంజాబీలో దీన్ని పిప్పా అన్నారు. వినడానికి మన పీపాకు చుట్టంలాంటి మాట.

1971 నవంబరు 21 ఉదయం, దట్టమైన పొగమంచులో, ఇప్పటి బంగ్లాదేశ్‌లోని గరీబ్‌పూర్ దగ్గర మన సైన్యపు 14 పంజాబ్ బెటాలియన్‌కు తోడుగా 45 కావల్రీ అనే ట్యాంకుల రెజిమెంటుకు చెందిన పీటీ-76 దళం పోరాడింది. ఎదురుగా వచ్చినవి పాకిస్తాన్ సైన్యపు ఎం-24 చాఫీ ట్యాంకులు. ఆ యుద్ధభూమి కూడా డెల్టాయే. వరిచేలు, కాలువలు, ఒండ్రు నేల. నేను ఈ ట్యాంకును ఎంచుకోవడానికి సగం కారణం అది. ఆ నేల రంగు కోసం ఎక్కడెక్కడో వెతకనక్కర్లేదు, గుమ్మం దిగితే చాలు.

రంగు డబ్బా మూత తీయకముందే ఒక కాగితం మీద నాలుగు ముక్కలు రాసుకోండి. బండి ఎక్కడ తిరిగింది, ఏ నెల, రోజులో ఏ వేళ, చివరిగా ఏం దాటింది. నా కాగితం ఇది: "నవంబరు చివరివారం. వారం రోజులుగా మట్టిదారుల మీద నడక. ఇవాళ పొద్దున చిన్న నదిని ఈది గట్టెక్కింది. ఇప్పుడు ఉదయం పది. ఎండ వచ్చింది." నది దాటిన ముక్క నా ఊహ. మిగతా పనంతా ఈ కాగితం చెప్పినట్టే నడుస్తుంది. తుప్పు ఎంత, దుమ్ము ఎక్కడ, తడి ఎక్కడ అన్న ప్రతి ప్రశ్నకూ జవాబు ఇందులోనే వెతుక్కోవాలి.

లెక్క కూడా ఒకటి గుర్తుంచుకోండి. అసలు ట్యాంకు ఒళ్లు 6.91 మీటర్ల పొడవు, నమూనా దాదాపు 20 సెంటీమీటర్లు. నమూనా మీద ఒక మిల్లీమీటరు అంటే అసలు బండి మీద మూడున్నర సెంటీమీటర్లు. మీ కుంచె జారి పడిన చిన్న చుక్క అక్కడ అరచేతిలో సగం.

తేమ సంగతి ముందు

ఇతర ప్రాంతాల వాళ్లు రాసిన పద్ధతులు మన దగ్గర తప్పడానికి మొదటి కారణం గాలి. వర్షాకాలంలో ఇక్కడ ఉప్పు సీసాలో ఉప్పే నీళ్లవుతుంది. రంగులోని ద్రావకం ఆవిరయ్యేటప్పుడు ఆ పూత చల్లబడుతుంది. గాలిలో తేమ ఎక్కువగా ఉంటే అది అక్కడే చేరి పూతలో చిక్కుకుంటుంది, రంగు తెల్లబడుతుంది. ఒక సెప్టెంబరు సాయంత్రం, వాన వెలిసిన గంటకు, నేను రెండు నెలలు కష్టపడిన ట్యాంకు మీద మాట్ (మెరుపు లేని) వార్నిష్ కొట్టాను. పది నిమిషాల్లో మజ్జిగ చిలకరించినట్టు అయింది. అలా జరిగితే కంగారు పడి గీకకండి. పొడి రోజు చూసి పలచగా గ్లాస్ (మెరుపునిచ్చే) వార్నిష్ ఒక పూత వేస్తే చాలాసార్లు ఆ తెలుపు పోతుంది. ఆ తర్వాత మాట్ మళ్లీ వేసుకోవచ్చు.

జనవరి నుంచి ఏప్రిల్ దాకా, పగలు పదకొండు నుంచి మూడు మధ్య స్ప్రే పని పెట్టుకోవడం ఉత్తమం. వర్షాకాలంలో కుంచె పనులు, అతికించే పనులు చేసుకోండి. గాలితో రంగు చిమ్మే ఎయిర్‌బ్రష్ వాడేవాళ్ల కంప్రెసర్‌కు తేమను పట్టే గిన్నె తప్పనిసరి. గాలిని నొక్కి పెట్టినప్పుడు అందులోని తేమ నీళ్లుగా మారుతుంది, ఆ నీళ్లు ఒక్క చుక్క రంగుతో కలిసి వచ్చినా పూత మీద మచ్చ పడుతుంది. వానల్లో పావుగంటకోసారి ఆ గిన్నె ఖాళీ చేస్తుంటాను.

ఆరబెట్టడానికి మూత ఉన్న పెద్ద అట్టపెట్టె చాలు. దుమ్మూ దోమా పడవు. లోపల వేడి పెట్టదలిస్తే చెయ్యి పెట్టి చూడండి, గోరువెచ్చన దాటకూడదు. దాటితే ముందు వంగేది ఫిరంగి గొట్టం.

కడగడం, ప్రైమర్

అచ్చుల నుంచి భాగాలు సులువుగా ఊడిరావడానికి వాడిన జిడ్డు కిట్ మీద మిగిలి ఉండవచ్చు. గోరువెచ్చని నీళ్లలో రెండు చుక్కల గిన్నెలు తోమే సబ్బు కలిపి పాత టూత్‌బ్రష్‌తో కడిగి, నీడన ఆరనివ్వండి. ఆ తర్వాత చేతి తొడుగులు లేకుండా ముట్టుకోకండి. మన చెమట సంగతి మీకు తెలియనిది కాదు. చక్రాలు, వాటి చుట్టూ తిరిగే గొలుసులు ఇప్పుడే అతికించవద్దు. టరెట్‌ను ఒక ఖాళీ సీసా మూతికి తగిలించుకుంటే తిప్పడానికి పిడి దొరుకుతుంది.

ప్రైమర్, అంటే అసలు రంగు పట్టడానికి ముందు వేసే పూత, బూడిదరంగుదైనా నల్లదైనా సరే. నాకు నలుపు ఇష్టం, మూలల్లో నీడ తేరగా వస్తుంది. మోటారు బండ్ల రంగుల దుకాణంలో దొరికే స్ప్రే డబ్బా కూడా పనికొస్తుంది. అయితే దానిలోని థిన్నర్ ప్లాస్టిక్‌ను తింటుంది కాబట్టి తడిసిపోయేలా కొట్టకూడదు. పాతిక సెంటీమీటర్ల దూరం నుంచి మంచు పడినట్టు మూడు పలచని విడతలు, మధ్యలో పదేసి నిమిషాలు. తర్వాత ఒక రోజంతా వదిలేయండి. మూతికి రుమాలు కట్టుకుంటే చాలదు. కార్బన్ వడపోత ఉన్న మాస్కు పెట్టుకుని, కిటికీ తెరిచి, ఇంట్లో పసిపిల్లలు లేని గదిలో ఈ పని చేయండి.

అసలు రంగు

సీసాలోని ఆలివ్ రంగును ఉన్నదున్నట్టు వేస్తే నమూనా మీద నల్లగా కనిపిస్తుంది. కారణం ఉంది. నమూనాను మనం ముప్పై సెంటీమీటర్ల దూరం నుంచి చూస్తాం, అంటే అసలు ట్యాంకును పది మీటర్ల అవతల నుంచి చూసినట్టు. అంత దూరంలో గాలి రంగును కొంచెం పలచన చేస్తుంది. అందుకే మనమూ రంగును కాస్త తేలిక చేయాలి. తెలుపు మాత్రం కలపవద్దు. ఆలివ్‌లో తెలుపు పడితే సున్నం కొట్టిన ఆసుపత్రి గోడలా తేలుతుంది. పసుపు వైపు తీసుకెళ్లండి. నేను టామియా కంపెనీ రంగుల్లో ఎక్స్‌ఎఫ్-62 (ఆలివ్) ఆరు పాళ్లకు ఎక్స్‌ఎఫ్-60 (ముదురు పసుపు) ఒక పాలు కలుపుతాను. ఇది నా కంటికి నచ్చిన లెక్క. 1971 నాటి ఫోటోలు మీ ముందు పెట్టుకుని మీ లెక్క మీరు కట్టుకోండి.

ఈ రంగులను పలచన చేయడానికి ఐసోప్రొపైల్ ఆల్కహాల్ పనికొస్తుంది, మందుల దుకాణంలో అడగండి. చేతులకు రాసుకునే సువాసనల శానిటైజర్ ఇస్తే వద్దనండి, అందులోని గ్లిజరిన్ పూతను ఆరనివ్వదు. రంగు ఒక పాలు, ద్రావకం ఒకటి నుంచి ఒకటిన్నర పాళ్లు. కలిపాక గంజి మీద తేరిన తేటలా గిన్నె గోడ మీద నుంచి జారాలి. 0.3 మి.మీ. సూది, 15 నుంచి 18 పి.ఎస్.ఐ. ఒత్తిడి, ఏడెనిమిది సెంటీమీటర్ల దూరం. పలకల మధ్య భాగం నుంచి అంచులకు వెళ్లండి, మూలల్లో నలుపు కొద్దిగా మిగలనివ్వండి. ఒక్క విడతలో కప్పేయాలన్న ఆత్రం పనికిరాదు.

మొదటి పూత అయ్యాక, అదే రంగులో మరికొన్ని చుక్కలు ఎక్స్‌ఎఫ్-60 వేసి ఎండ పడే చోట్ల మాత్రం ఇంకో పలచని విడత కొట్టండి. టరెట్ పైభాగం, వెనక డెక్ (ఒంటి పై పలక), మూతలు. కింద పక్కపలకలకు అక్కర్లేదు.

ఎయిర్‌బ్రష్ లేనివాళ్లు నిరాశ పడకండి. నీటితో కలిసే, కుంచెకు అనువైన అక్రిలిక్ రంగులు తీసుకుని వెడల్పాటి మెత్తటి కుంచెతో మూడు నాలుగు పలచని పూతలు వేయండి. ఒక పూత నిలువుగా, మరొకటి అడ్డంగా. కుంచె గీతలు కాస్త మిగిలినా రేపు మట్టి కప్పుతుంది.

పీటీ-76కు పక్కకు ఆరేసి చక్రాలు ఉంటాయి, పైన గొలుసును మోసే చిన్న చక్రాలు మాత్రం లేవు. గొలుసు నేరుగా ఆ చక్రాల నెత్తి మీదే నడుస్తుంది. చక్రం అంచున ఉన్న రబ్బరుకు నలుపు వేయకండి, ముదురు బూడిద వేయండి. చక్రాన్ని పళ్లపుల్లకు గుచ్చి, కుంచెను కదపకుండా పట్టుకుని చక్రాన్ని తిప్పితే గీత గుండ్రంగా వస్తుంది.

మెరుపు పూత, అంకెలు

ఇప్పుడు గ్లాస్ వార్నిష్. గరుకు తలం మీద అతికించిన అంకెల కింద గాలి చిక్కుకుని వెండిలా మెరుస్తుంది, నున్నటి తలం మీద ఆ బాధ ఉండదు. డికాల్‌ను (అంకెలు, గుర్తులు అచ్చేసిన పలచని పొరను) నీళ్లలో నానబెట్టి, జారినప్పుడు దించి, మెత్తని గుడ్డతో మధ్య నుంచి అంచుకు నొక్కండి. మన సైనిక వాహనాల నంబరు పలకలో మొదట పైకి చూసే బాణం గుర్తు ఉంటుంది. కిట్‌లో సోవియట్ గుర్తులే వస్తే ఆ బాణాన్నీ అంకెలనూ చేత్తో రాయవలసి రావచ్చు. చెయ్యి వణికితే దిగులుపడకండి, దాని మీద ఎలాగూ దుమ్ము కూర్చుంటుంది. ఆరాక ఇంకో గ్లాస్ పూత వేసి రెండు రోజులు వదలండి.

వాష్, నూనెరంగు చుక్కలు

ఇకనుంచి వాడేవి చిత్రకారుల నూనెరంగులు. స్టేషనరీ దుకాణాల్లో గొట్టాల్లో దొరికేవే చాలు. బర్న్‌ట్ అంబర్, నలుపు, ఎల్లో ఓకర్, తెలుపు, కొంచెం నీలం. గొట్టంలోంచి తీసిన రంగును ముందు అట్టముక్క మీద ఒక గంట ఉంచండి. అట్ట నూనెను పీల్చుకుంటుంది, అప్పుడు మెరుపు లేకుండా ఆరుతుంది. పలచన చేయడానికి మినరల్ టర్పెంటైన్. కిరసనాయిలు వాడి చూశాను. జిడ్డు వదల్లేదు, వాసన వారం రోజులు వదల్లేదు.

నూనెరంగు కింద అక్రిలిక్, దాని మీద వార్నిష్ ఉండడం వల్ల టర్పెంటైన్ అసలు రంగును కరిగించదు. ఈ వరుస తిప్పకండి. ఇంకో జాగ్రత్త కూడా ఉంది. పూత పడని ప్లాస్టిక్ అతుకుల్లో టర్పెంటైన్ నిలిస్తే ప్లాస్టిక్ పెళుసుబారి చిట్లుతుంది. నాకు ఒక చక్రపు ఇరుసు అలాగే విరిగి చేతికొచ్చింది. నమూనాను తడపవద్దు, తాకించండి.

వాష్ అంటే బర్న్‌ట్ అంబర్‌లో చిటికెడు నలుపు కలిపి, టీ డికాక్షన్ అంత పలచన చేసిన నీరు. సన్నని కుంచె మొనతో ఒక మేకు తలను, ఒక మూత అంచును తాకితే చాలు, అది తనంతట తానే సందులోకి పాకుతుంది. అరగంట తర్వాత, టర్పెంటైన్‌లో ముంచి గుడ్డకు తుడిచిన చదును కుంచెతో పొంగిన చోట్ల తీసేయండి.

తర్వాత చుక్కలు. పక్కపలక మీద అక్కడొకటి ఇక్కడొకటి ఓకర్, తెలుపు, అంబర్, నీలం ఆవగింజంత పెట్టి, దాదాపు పొడిగా ఉన్న కుంచెతో పై నుంచి కిందికి లాగండి, వాన కారిన దిశలో. అన్నీ మాయమైపోయాయి అనిపించేదాకా లాగండి. రంగులు మాయమవుతాయి, పలకకు మాత్రం ఎండావానా తిన్న లోతు వస్తుంది. పడుకున్న పలకల మీద కిందికి లాగకుండా గుండ్రంగా అద్దాలి. వాన అక్కడ కారదు, నిలుస్తుంది. మన తేమలో ఈ పొర ఆరడానికి మూడు రోజులైనా పడుతుంది. ఆగండి.

పెచ్చులు, తుప్పు: చెయ్యి కట్టుకోండి

కొత్తవాళ్లు ఎక్కువగా పాడుచేసేది ఇక్కడే. అంతర్వేది వైపు సముద్రపు గాలికి తుప్పు పట్టిన లంగరులు, గేట్లు చూసి పెరిగిన కళ్లు మనవి, తుప్పంటే మహా ఇష్టం. కానీ సైన్యంలో పనిచేస్తున్న ట్యాంకుకు సిబ్బంది ఉంటారు, తుడుస్తారు, రంగు వేస్తారు. ముంచుకొచ్చిన తుప్పు ఉన్న ట్యాంకు అంటే ఏళ్ల తరబడి వదిలేసిన ట్యాంకు. మన కాగితం మీద ఉన్నది వారం రోజులు మట్టిదారుల్లో నడిచిన బండి.

చిన్న స్పాంజి ముక్క తీసుకుని, నలుపు కలిసిన ముదురు గోధుమరంగులో అద్ది, కాగితం మీద దాదాపు అంతా దులిపేసి, అప్పుడు అంచులకు తాకించండి. మూతల అంచులు, సిబ్బంది ఎక్కే మార్గం, ఫెండర్ (గొలుసు పైనున్న మడ్‌గార్డు) మూలలు. వెండిరంగు వద్దు, ఉక్కు గీత నాలుగు రోజుల్లో గోధుమరంగుకు తిరుగుతుంది. సిబ్బంది అడుగుపెట్టని పలక మీద పెచ్చు ఎందుకుంటుందో మీకు జవాబు తెలియకపోతే అక్కడ పెట్టకండి.

గొలుసులు

గొలుసుకు ముందు ముదురు గోధుమ కలిసిన బూడిద పూయండి. ఇది ఎప్పుడూ కదిలే ఉక్కు, దాని మీద తుప్పు మందంగా నిలవదు. లింకుల పల్లాల్లో కాస్త ముదురు తుప్పు రంగు వాష్ దించండి. నేలను తాకే ఎత్తుల మీద మెత్తని 6బి పెన్సిల్ రుద్దండి. ఉక్కు మెరుపు ఇంత తేలికగా, ఇంత నమ్మకంగా ఇచ్చే రంగు మరొకటి నాకు దొరకలేదు. లోపలి వైపు చక్రాలు నడిచే దారిలోనూ సన్నగా రుద్దండి.

మట్టి తయారీ

ఈ మార్గదర్శి అసలు ఇందుకోసమే రాశాను.

అంగళ్లలో సీసాల్లో అమ్మే మట్టిపొడులు బాగానే ఉంటాయి. మనకు వాటి అవసరం తక్కువ. వేసవిలో కాలువలు కట్టేసినప్పుడు అడుగున నెర్రెలు విచ్చిన ఒండ్రు కనిపిస్తుంది, అందులో రెండు గుప్పెళ్లు చాలు. దాన్ని ఎండబెట్టి, పాత ఇనప పెనం మీద అరగంట సన్నని సెగన వేయించండి. తేమ పోతుంది, బూజు పట్టదు. ఆ పెనం ఇక వంటింట్లోకి తిరిగి వెళ్లదని ముందే ఇంట్లో చెప్పండి. చెప్పకుండా చేసిన రోజు మా ఇంట్లో నాకు అట్లు పడలేదు.

ఇప్పుడు నలగ్గొట్టి జల్లెడ పడితే సరిపోతుందనుకుంటారు. సరిపోదు. పదోవంతు మిల్లీమీటరు ఇసుకరేణువు నమూనా కొలతలో మూడున్నర మిల్లీమీటర్ల గులకరాయి. అలాంటివి వేలు అతికితే బురదలా ఉండదు, కంకరలో దొర్లినట్టు ఉంటుంది.

దీనికి గోదావరి చేసే పనే మనమూ చేయాలి. నది 1,465 కిలోమీటర్లు వచ్చి, వేగం తగ్గిన కొద్దీ బరువైన ఇసుకను ముందు వదిలి, మెత్తని ఒండ్రును చివరిదాకా మోసుకొస్తుంది. మన డెల్టా అంతా ఆ జల్లెడ పనే. పొడుగాటి గాజు గ్లాసులో పది సెంటీమీటర్ల ఎత్తు నీళ్లు పోసి, రెండు చెంచాల మట్టి వేసి బాగా కలపండి. ఒక్క నిమిషం ఆగండి. ఇసుక అడుగుకు చేరుతుంది. పైన ఉన్న మురికినీటిని, అడుగు కదలకుండా, వెడల్పాటి పళ్లెంలోకి వంచేయండి. ఆ నీళ్లలో తేలుతున్నవి సుమారు 0.05 మి.మీ. కంటే చిన్న రేణువులు. పళ్లెంలో రాత్రంతా తేరనిచ్చి, పై నీరు వంపేసి, ఎండబెడితే తాళపత్రంలా ఒక పొర మిగులుతుంది. దాన్ని కల్వంలో నూరితే ముఖానికి రాసుకునేంత మెత్తని పొడి. దుమ్ము కోసమైతే నిమిషానికి బదులు అయిదు నిమిషాలు ఆగి వంచండి, ఇంకా మెత్తనిది వస్తుంది. నూరేటప్పుడు మాస్కు మరచిపోవద్దు.

అదే విధంగా రెండో డబ్బా కూడా చేసుకోండి, మెట్ట వైపు ఎర్రమట్టితో. పెద్దాపురం దారిలో దొరుకుతుంది. ఈ ట్యాంకుకు అక్కర్లేదు గానీ తర్వాత ఏదో ఒక బండికి కావాలి.

మట్టి పూత

ఒండ్రుపొడి రెండు పాళ్లు, సుద్దపొడి ఒక పాలు, మాట్ అక్రిలిక్ మీడియం (రంగు లేని అక్రిలిక్ జిగురు) తగినంత. ఒట్టి ఒండ్రు ఆరేటప్పుడు కుంచించుకుని చేలో లాగే నెర్రెలిస్తుంది, సుద్ద దాన్ని ఆపుతుంది. తెల్ల జిగురు వాడవచ్చు, ఆరాక సన్నని మెరుపు మిగులుతుంది. జిగురు తగిలిన మట్టి పొడిగా ఉన్నప్పటికంటే ముదురుగా ఆరుతుంది, కాబట్టి ముందు అట్టముక్క మీద పూసి మర్నాడు చూసుకోండి.

గడ్డి కావాలంటే గోనెసంచి పోగును విప్పి, ఒకటి రెండు మిల్లీమీటర్ల ముక్కలుగా కత్తిరించి కలపండి. కోనసీమ వాళ్లం కాబట్టి చెయ్యి కొబ్బరి పీచు మీదికి పోతుంది. దాన్ని వాడకండి. పీచు పోగు ఈ కొలతలో మోకుతాడంత లావు. కొబ్బరి పొట్టు మాత్రం బండి కింద నేల తయారీకి బాగుంటుంది.

మూడు వయసుల బురద మూడు విడతలుగా వేయాలి. ట్రాక్టరును గుర్తుచేసుకోండి.

మొదటిది పాతది. సుద్ద కాస్త ఎక్కువ కలిపిన లేత బూడిదరంగు ముద్ద. ఫెండర్ల అడుగున, చక్రాల ఇరుసుల వెనక, గొలుసు పైకి మట్టిని విసిరే చోట్ల. మందం రెండు మిల్లీమీటర్లు దాటనివ్వకండి, అక్కడ అది ఏడు సెంటీమీటర్లు. ఒక రోజు ఆరనివ్వండి.

రెండోది నిన్నటిది. సుద్ద తగ్గించి, బర్న్‌ట్ అంబర్ పొడి కొంచెం కలిపి, తక్కువ చోట్ల. దీన్ని పూయడమే కాదు, చిమ్మాలి. గట్టి వెంట్రుకల కుంచెను పలచని మట్టిలో ముంచి, పళ్లపుల్లను దాని ముందు పెట్టి గీరితే చుక్కలు ఎగురుతాయి. చక్రం ఏ వైపు తిరుగుతుందో చూసుకుని ఆ వైపే ఎగరనివ్వండి. టరెట్‌కు కాగితం చుట్టేయండి.

మూడోది ఇవాళ్టిది. దాన్ని ఇప్పుడే వేయకూడదు. మాట్ వార్నిష్ పడ్డాకే.

పైభాగానికి మిగిలింది దుమ్ము. అయిదు నిమిషాల ఒండ్రును పొడి కుంచెతో మూలల్లో దులిపి, ఆల్కహాల్ చుక్కను పక్కన తాకించండి. అది పాకి పొడిని పట్టుకుంటుంది. సిబ్బంది కూర్చునే చోట, చేతులు పెట్టే పిడుల దగ్గర దుమ్మును తడి గుడ్డతో తుడిచేయండి.

నీటి గీత

ఈత రాని ట్యాంకుకు ఈ దశ లేదు. పీటీ-76 నీళ్లలో దిగినప్పుడు ఒళ్లంతా దాదాపు మునిగి, డెక్ పైభాగమూ టరెట్టూ బయట ఉంటాయి. ముందున్న అలల పలకను పైకి లేపుతారు. అంటే నది దాటిన బండి మీద పాత దుమ్ము టరెట్ మీదే మిగులుతుంది, కింద కొట్టుకుపోతుంది.

ఆ గీత ఎలా ఉంటుందో లంకగ్రామాల గోడలు చూసినవాళ్లకు తెలుసు. 1986 ఆగస్టు వరద గుర్తులను పెద్దవాళ్లు ఇప్పటికీ గోడ మీద వేలు పెట్టి చూపిస్తారు. వరద తీసిన గోడ మీద పై అంచు పదునుగా ఉంటుంది, అక్కడ నురుగూ చెత్తా ఆగాయి కాబట్టి. దాని కింద సన్నటి ఒండ్రు పొర సమానంగా పట్టి ఉంటుంది. నీళ్లు ఆగి ఆగి తీసినట్టయితే కింద ఇంకో రెండు మూడు లేత గీతలు కూడా.

అలాగే చేయండి. డెక్ అంచుకు కొంచెం కింద, బండి చుట్టూ, ఆల్కహాల్‌లో కలిపిన లేత ఒండ్రుతో ఒక సన్నని గీత. ఆరకముందే కింది అంచును తడి కుంచెతో కిందికి కలిపేయండి, పై అంచును ముట్టుకోకండి. ముక్కు దగ్గర గీత కాస్త పైకి ఉంటే నడిచే బండిలా ఉంటుంది. కింద పలకల మీద నుంచి పాత బురదను కూడా తడి కుంచెతో కొంత కడిగేయండి, సందుల్లో మాత్రం వదలండి. వెనక జెట్ రంధ్రాల కింద నీళ్లు కారిన చారలు రెండు.

చివరి పూత, పెట్టె

పొడి రోజు చూసి మాట్ వార్నిష్. ఒకే ఒక్క పలచని పూత, దూరం నుంచి. దగ్గర నుంచి కొడితే దుమ్మంతా ఎగిరిపోతుంది, తడిపితే మాయమవుతుంది.

అది ఆరాక మూడో బురద. ఒండ్రులో సుద్ద మానేసి, గ్లాస్ వార్నిష్ కలిపి, నల్లగా మెరిసేలా. గొలుసు లింకుల మధ్య, ముందు చక్రం మీద, అలల పలక అంచున రెండు చుక్కలు. ఉదయం పదింటికి ఎండ వచ్చిందని కాగితం మీద రాసుకున్నాం కదా, అందుకే పక్కపలకల మీద తడి వద్దు. అక్కడ అప్పటికే ఆరిపోయి ఉంటుంది.

ఒక రాత్రి వదిలి, పొద్దున్నే కిటికీ వెలుగులో చూడండి. బల్బు కింద బాగున్నది పగటి వెలుగులో ఎక్కువైనట్టు కనిపిస్తే తడి కుంచెతో కొంత తీసేయండి. నేను ప్రతిసారీ తీస్తాను.

అక్రిలిక్ పెట్టెలో పెట్టకపోతే మన ఇళ్లలో బల్లి ఒకటి టరెట్ ఎక్కి కాపలా కాస్తుంది, వానాకాలానికి మట్టి మీద బూజు పడుతుంది. పెట్టె మూలలో నీలం సిలికా గుళికల పొట్లం ఒకటి ఉంచండి. అవి గులాబీరంగుకు తిరిగాయంటే తేమతో నిండాయని అర్థం. మట్టి వేయించిన ఆ పాత పెనం మీదే సన్నని సెగన వేడి చేస్తే మళ్లీ నీలం అవుతాయి. మా పెనం ఇప్పుడు నా రంగుల బల్ల కిందే ఉంటుంది, దాని పిడికి ఆలివ్ రంగు అంటుకుని.